పాలుకిచ్చిన చారల పెట్టలు

చిలుకమ్మ నోటికి ఊరంతా జడిసేది. పరకాలకు దగ్గర్లోని ఆ ఊళ్ళో, బావి దగ్గర ఆమెతో మాట పడ్డవాళ్ళు ఇంటికెళ్ళి పిల్లల మీద విరుచుకుపడేవాళ్ళే తప్ప, మళ్ళీ వెళ్ళి ఆమెతో తేల్చుకునేవాళ్ళు కాదు. ఆ నోరు ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. భర్త మొగిలి పాము కరిచి పోయాక, దినాలు ముగిసిన మర్నాడే అత్తగారి వాళ్ళు ఆమెను బట్టల మూటతో సహా బస్సెక్కించారు. పుట్టింటికి వస్తే తల్లీ లేదు, తండ్రీ లేడు. అన్న ఉప్పలయ్య, వదిన యాదవ్వ, వాకిలికి అవతల ఖాళీగా పడి ఉన్న పశువుల కొట్టం ఉన్నాయి. కొట్టం ఆమెకు దక్కింది. ఆ కొట్టంలో బతకడానికి నోరు సానపెట్టుకోక తప్పింది కాదు.

ఉప్పలయ్య చెడ్డవాడు కాదు. ఇంట్లో చెడు జరుగుతుంటే తువ్వాల దులిపి భుజాన వేసుకుని పొలం వైపు వెళ్ళిపోయే రకం. అలాంటివాళ్ళను మంచివాళ్ళని ఎందుకంటారో లోకానికే తెలియాలి.

ఎమర్జెన్సీ రోజుల్లో యాదవ్వ తమ్ముడు సర్కారు కోళ్ళ ఫారంలో కావలి పనికి కుదిరి, అక్క కోసం మూడు పెట్టలనూ ఒక పుంజునూ తెచ్చాడు. పెట్టలకు ఒళ్ళంతా నలుపు తెలుపు చారలు. పుంజు మాత్రం నికార్సైన ఎరుపు. ఊళ్ళో అందరూ వాటిని సర్కారు కోళ్ళన్నారు. నాలుగు రోజులు యాదవ్వ వాటిని వచ్చేపోయేవాళ్ళకు చూపించి మురిసింది. అయిదో రోజుకు రెట్ట ఎత్తిపోయడం చేతకాక, వాటిని ఆడబిడ్డకు పాలుకిచ్చింది. పాలుకివ్వడమంటే, కోళ్ళు యాదవ్వవి, మేతా కాపలా పొదిగించడం చిలుకమ్మవి, పుట్టిన పిల్లల్లో చెరిసగం. మేకలకైనా కోళ్ళకైనా ఆ చుట్టుపక్కల అదే రివాజు.

మామూలుగా పిల్లలు కాస్త ఎదిగాక పంచుకుంటారు. యాదవ్వ ఒప్పుకోలేదు.

"గద్దెత్తుకపాయె, పిల్లి తినె అని నాకు కతలు చెప్తవ్. నేను నీ కతలు వినేటట్టు లేను. పుట్టిన మూడోనాడే పంచాలె" అంది.

"నీ అనుమానం కంటె గద్దనే నయం వదినె. అది ఒక్క పిల్లనే ఎత్తుకపోతది" అంది చిలుకమ్మ.

మూడో రోజు పంచడమే ఖాయమైంది. పంచడానికీ ఒక పద్ధతి ఉంది. మేపినవాళ్ళు పిల్లల్ని రెండు గంపల్లో వేయాలి, కోళ్ళు ఎవరివో వాళ్ళు ముందుగా ఒక గంపను ఏరుకోవాలి. ఒకరు వంతు వేసి ఇంకొకరు ఏరుకుంటే ఎవరికీ మోసం జరగదని పెద్దలు పెట్టిన కట్టు అది. ఆ పెద్దలకు యాదవ్వా చిలుకమ్మా తెలియరు.

మొదటి పొదుగులో చిలుకమ్మ తోచినట్టు వంతు వేసింది. పిల్లలన్నీ నల్లగానే ఉన్నాయి. కొన్నింటికి మాత్రం నెత్తి మీద జొన్నగింజంత తెల్లటి చుక్క ఉంది. దిష్టిచుక్క తెల్లగా పెట్టినట్టుందే అనుకుని ఊరుకుంది. నెల తిరిగేసరికి ఈకలొచ్చి చుక్కలు కనబడకుండా పోయాయి. చుక్క ఉన్నవాటికి తల్లిలాగే చారలు దిగాయి, లేనివి మెడ దగ్గర కొంచెం ఎరుపు తిరిగి నల్లగా మిగిలాయి. ఇంకొన్నాళ్ళకు చారలవి గొంతు సవరించుకుని కూయడం మొదలుపెట్టాయి. నల్లవి గుడ్లకు చోటు వెతుక్కున్నాయి. రెండో పొదుగులోనూ ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

మూడో పొదుగులో తప్పింది. యాదవ్వ వాకిట్లో పెరిగిన చారల పుంజొకటి కొట్టంలోకి జొరబడి పెట్టలను తొక్కిపోయేది. ఆ విడత దాదాపు అన్ని పిల్లల నెత్తినా చుక్కే, వాటిలో పెట్టలూ ఉన్నాయి, పుంజులూ ఉన్నాయి. చిలుకమ్మ బుర్ర బద్దలు కొట్టుకుంది. చివరికి ఎక్కడ చెడిందో పట్టుకుంది. తండ్రి ఎర్రదై ఉండాలి, తల్లి చారలది కావాలి. అప్పుడు తల్లి చార కొడుకులకే పోతుంది, కూతుళ్ళకు రాదు. ఆ రోజే తుమ్మకంప కొట్టుకొచ్చి కొట్టం చుట్టూ దడి కట్టింది. చారల పుంజు దడి దరిదాపులకొస్తే రాయి తీసేది. చారల పెట్టలు గుడ్లు పెట్టే కుండ వేరు, నల్లవాటి కుండ వేరు. చారలవాటి గుడ్లు నాటుకోడి కింద పొదగేసేది, నల్లవాటి గుడ్లు పరకాలలో హోటలుకు పోసేది.

ఆ గుడ్లతోనే ఆమె పొయ్యి వెలిగేది. నల్ల పెట్టలు లేకపోతే వదిన గడప ముందు గిన్నె పట్టుకుని నిలబడాలి. అందుకే ఈ సంగతి కన్నతల్లి బతికొచ్చి అడిగినా చెప్పదలచుకోలేదు.

కానీ ముందుగా ఏరుకునేది యాదవ్వ కదా? నల్లపిల్లల గంప ఆమె పట్టుకుపోతే ఏం గాను? ఇక్కడే చిలుకమ్మ వదిన గుణాన్ని పనిలో పెట్టింది. పంచే రోజున చుక్కపిల్లలన్నీ ఒక గంపలో, నల్లవన్నీ ఇంకో గంపలో వేసేది. లెక్క కుదరకపోతే ఒకటో రెండో అటూ ఇటూ సర్దేది. యాదవ్వ దడి దాటి రాగానే చుక్కపిల్లల గంప వైపు జరిగి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని ముద్దుచేసేది.

"ఆగు! గంప మీదికెల్లి చెయ్యి తియ్యి. గవి నాయి" అనేది యాదవ్వ.

"ఎప్పుడు గిట్లనే చేత్తవు వదినె. మంచియి నేను పెంచాలె, నువ్వు ఏరుకపోవాలె."

"పెట్టలు నాయి, పుంజు నాది. నీది గడ్డిపోచ లేదు. నోర్ముయ్యి."

చిలుకమ్మ నోరు మూసుకునేది. ఆమె నోరు మూసుకున్న సందర్భాలు ఏడాదిలో అవే. యాదవ్వ గెలిచానన్న సంబరంతో ఒక గంపెడు పుంజుల్ని నడుము మీద పెట్టుకుని వెళ్ళేది.

మూడు నాలుగేళ్ళు అలా సాగింది. పుంజులు పనికిరానివేం కావు. చుట్టం వస్తే కోసుకోవచ్చు, పోచమ్మకు మొక్కు చెల్లించుకోవచ్చు. గుడ్డు మాత్రం పెట్టవు. యాదవ్వ వాకిట్లో తెల్లవారితే ఒకదాన్ని మించి ఒకటి కూత, పొద్దెక్కితే ఈకలు లేచిపోయేలా కొట్లాట. అటు కొట్టంలో నల్లపెట్టలు కుండలు నింపుతున్నాయి. దారినపోయేవాళ్ళు ఆగి, "ఉప్పలన్నా, ఇంట్ల పుంజుల సంఘం ఏమన్న పెట్టిండ్లా?" అని అడిగేవాళ్ళు. ఉప్పలయ్య తువ్వాల దులుపుకునేవాడు.

యాదవ్వకు నిద్ర పట్టలేదు. ఆమె లెక్క ఆమెకుంది. చారల కోళ్ళు గుడ్లు పెట్టేవి, అది కళ్ళతో చూసిందే. తల్లి చారలు దిగిన పిల్ల తల్లిలాగా పెట్టే కావాలి. తను ఏరుకున్నవన్నీ తల్లి పోలికవే. అయినా తన వాకిట్లోకి రాగానే అన్నీ పుంజులవుతున్నాయి. తల్లి పోలిక లేనివి ఆడబిడ్డ దగ్గర పెట్టలవుతున్నాయి. ఇక అర్థం కానిదేముంది?

సరిగ్గా అప్పుడే యాదవ్వ కోడలు సమ్మమ్మకు మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. యాదవ్వ దవాఖాన నుంచి తిన్నగా ఇంటికి కూడా పోలేదు. దడి ముందు నిలబడి చీర కుచ్చిళ్ళు బిగించింది.

"ఓ ఊరోళ్ళారా, వినుండ్రి! పెట్టపిల్లలను నా ఇంటికి వచ్చేటాల్లకు పుంజులు జేసింది. నా కోడలు కడుపుల కొడుకును బిడ్డ జేసింది. మొగన్ని మింగింది, ఇగ నా వంశాన్ని మింగుతాంది. ఇది బాణామతి గాక ఏంది?"

తిట్లయితే చిలుకమ్మ తట్టుకునేది. బాణామతి, అంటే చేతబడి, తిట్టు కాదు. అంతకుముందు ఎండాకాలమే పక్క ఊళ్ళో ఒక ముసలివాణ్ణి ఆ మాట మీదే చెట్టుకు కట్టి పళ్ళు ఊడగొట్టారు. కొట్టినవాళ్ళలో అతను ఎత్తుకుని పెంచిన తమ్ముడి కొడుకులూ ఉన్నారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట. తరువాత ఆ ముసలివాడు గంజి కూడా సరిగా మింగలేకపోయేవాడు.

ఆ సాయంత్రానికే ఊరు ముఖం తిప్పేసింది. బావి దగ్గర ఆమె బొక్కెన వేస్తే మిగతావాళ్ళు బిందెలు ఎత్తుకుని వెనక్కి జరిగారు. నిన్నటిదాకా గుడ్డు అప్పడిగిన ఆడవాళ్ళు ఇవాళ పిల్లల నెత్తిన కొంగు కప్పుకుని పోయారు. రెండో నాడు దవాఖాన నుంచి వచ్చిన సమ్మమ్మ పసిదాన్ని ఎత్తుకుని వాకిట్లో నిలబడి ఉంది. చిలుకమ్మ తన వైపు చూడగానే లోపలికి పరుగెత్తింది. సమ్మమ్మ మీద చిలుకమ్మకు ఏనాడూ కోపం లేదు.

మూడు రోజులకు కులపెద్ద కట్టయ్య తన ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టాడు. యాదవ్వ పాతికమంది ముందు తన పుంజుల కథ మొదటి నుంచీ చెప్పింది. కుర్రాళ్ళు కొందరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. వాళ్ళు నిలబడ్డ తీరు చిలుకమ్మకు నచ్చలేదు.

"ఏమంటవ్ చిలుకమ్మా?" అన్నాడు కట్టయ్య.

ఉన్నది చెబితే దొంగ. చెప్పకపోతే మంత్రగత్తె. దొంగకు పళ్ళు మిగులుతాయి. చిలుకమ్మ అన్న వైపు ఒకసారి చూసింది. ఉప్పలయ్య నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"మంత్రం లేదు, మన్ను లేదు పెదబాపు. పుట్టంగనే ఏది పెట్టనో ఏది పుంజో నాకెర్కైతది" అంది.

"సూసిండ్లా? దాని నోటితోనే ఒప్పుకున్నది!" యాదవ్వ లేచి నిలబడింది. "మూడునాళ్ళ పిల్లను చూసి ఏదో చెప్పనీకి ఎవ్వనితరం? మంత్రం లేంది ఎట్ల ఎర్కైతది?"

వెనక కుర్రాళ్ళు ఒక అడుగు ముందుకు వచ్చారు. తను చెప్పింది చెప్పినట్టు జరిగితే అది మంత్రానికే రుజువవుతుందని అప్పుడు తెలిసింది చిలుకమ్మకు. ఆమె ఎంత కచ్చితంగా చెబితే అంత మంత్రగత్తె. మిగిలిన దారి ఒకటే. ఇన్నేళ్ళు దాచిన కిటుకును నలుగురి ముందూ పెట్టడం.

"ఏది పెట్టనో నేను చెప్ప. నేను ముట్ట" అంది చిలుకమ్మ. "గుడ్లు కట్టయ్య పెదబాపు ఇంట్లనే పొదగెయ్యుండ్రి. పిల్లలు పుట్టినంక నేను గా గడపదాక గూడ రాను. ఎట్ల ఏరాల్నో ఇప్పుడే చెప్త. మా వదినెనే ఏరనియ్యుండ్రి. ఆమె చేతికి గూడ మంత్రం వచ్చిందంటరా అప్పుడు?"

జనం గుసగుసలాడారు. కట్టయ్య సరేనన్నాడు.

"నెత్తి మీద తెల్ల చుక్క ఉన్నది పుంజు. లేంది పెట్ట. గంతే."

అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ కట్టయ్య నమ్మలేనట్టు తల పంకించాడు. "మా ఇంట్ల కోళ్ళకు చుక్కల్లేవు గదనే. ఒకటిరెంటికి ఉంటె గవి గూడ పెట్టలే అయినయ్. గిదేం లెక్క?"

అనుమానం ఇంకా పోలేదని చూసి చిలుకమ్మ తొందరపడింది. "అన్నిటికి రాదు పెదబాపు. పెట్ట చారలదుండాలె, పుంజు ఎర్రదుండాలె. తల్లి చార కొడుకులకే పోతది, బిడ్డలకు రాదు. గా నల్లపెట్టలకు పుట్టినయి చూసినా గుర్తు దొరకది. అంత గా చారల తల్లుల తోనే ఉన్నది. అవి లేకుంటే ఏం లేదు" అంది.

యాదవ్వ ఆ మాట విన్నది. ఆ పూట అందరికంటే శ్రద్ధగా విన్నది ఆమే.

కట్టయ్య ఇంట్లో చారల పెట్టల గుడ్లు పొదగేశారు, పిల్లలు పుట్టాయి. యాదవ్వ తన చేతులతోనే చుక్కవి ఒక గంపలో, నల్లవి ఒక గంపలో వేసింది. చిలుకమ్మ ఆ వీధి తొక్కలేదు. ఆ తరువాత రెండు నెలలు ఆమె బతుకు బతుకు కాదు. ఎవరు పలికినా పలక్కపోయినా ఆమె ధ్యాసంతా కట్టయ్య వాకిట్లో పెరుగుతున్న పిల్లల మీదే. ఒక్కటి తప్పినా తన పని అయిపోతుంది. హోటలువాడు కూడా గుడ్లు వద్దన్నాడు. గుడ్లు కుండలో మురిగిపోయాయి. రోడ్డు మీద పోతుంటే ఎవరో మట్టిపెళ్ళ విసిరితే వీపుకు తగిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

చారలవాటికి జుట్టు ఎర్రబడింది. ఒకరోజు పొద్దున కట్టయ్య అరుగు ఎక్కి ఒకటి గొంతు చించుకుంది. మరో వారానికి ఇంకొకటి అందుకుంది. నల్లవాటిలో ఒక్కటీ కూయలేదు.

మళ్ళీ కూర్చున్నారు. ఈసారి జనం రెట్టింపు వచ్చారు. కట్టయ్య గంపలు చూపించి, "ఏరింది ఎవలు?" అన్నాడు.

"నేనే" అంది యాదవ్వ.

"ఇన్నేండ్ల సంది వంతు ఏసింది చిలుకమ్మ. ముందుగాల ఏరుకున్నది ఎవలు?"

వెనక నుంచి ఎవరో, "ఆగు, గవి నాయి!" అని యాదవ్వ గొంతుతోనే అన్నారు. దడి పక్కన ఎన్నేళ్ళుగానో విన్న మాట అది. నవ్వు ఒక్కసారిగా లేచింది. కొంగు అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళు నవ్వారు, పళ్ళు ఊడగొట్టడానికి వచ్చిన కుర్రాళ్ళూ నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వు ఆపుకోలేక తువ్వాల నోటికడ్డం పెట్టుకున్నాడు. యాదవ్వ అది చూసింది.

కట్టయ్య తీర్పు చెప్పాడు. వంతు వేసినవాళ్ళది తప్పు కాదు, ఏరుకున్నవాళ్ళది ఖర్మ. కాని బాణామతి అని మాట వేసినందుకు యాదవ్వ తప్పు కట్టాలి. పంచాయితీకి కూర్చున్న పెద్దలందరికీ కోడికూరతో భోజనం పెట్టాలి. వదినా ఆడబిడ్డా అదే బంతిలో తినాలి. ఒకరు వడ్డిస్తే ఒకరు తినాలి. విస్తరి ముందు నుంచి లేచినవాళ్ళు తగవు తెగనివ్వనట్టే, వాళ్ళ మీద ఏ మాటొచ్చినా పెద్దలు మళ్ళీ కూర్చోరు.

"నాకు సమ్మతమే" అంది చిలుకమ్మ. ఆమెకు ఆ క్షణంలో ఏ షరతైనా సమ్మతమే. పళ్ళున్నాయి, పెట్టలున్నాయి, కొట్టం ఉంది. వదిన వాకిట్లో ఇంకా పుంజులే పుంజులు. పెద్దలకు కూర కోసం ఆమె ఎటూ వెతుక్కోనక్కర్లేదు.

భోజనం రోజు పొద్దున ఉప్పలయ్య గంప పట్టుకుని దడి దాటి వచ్చాడు. చెల్లెలి ముఖం చూడకుండా చారల పెట్టలను ఒక్కొక్కటే పట్టి గంప కింద పెట్టాడు.

"ఏందన్నా గిది?"

"మీ వదినె తెమ్మన్నది. పాలు తెగదెంపులు. అవి మాయే గద."

అది నిజమే. వాటి మీద ఆమెకు మాట లేదు. వదిన ఇక మీదట తనే పెంచి తనే ఏరుకుంటుంది కాబోలు అనుకుంది. కడుపు మండినా అది న్యాయమే అనిపించింది. రేపోమాపో ఎలాగో ఒక చారల పెట్టను సంపాదించవచ్చని కూడా అనుకుంది. ఫారం పరకాలకు అంత దూరమేం కాదు, కానీ యాదవ్వ తమ్ముడు తప్ప ఆమెకు అక్కడ ఎవరు తెలుసు?

మధ్యాహ్నం కట్టయ్య పక్కన బంతిలో కూర్చుంది. వాకిట్లో పుంజులు ఒకదాని మీద ఒకటి ఎగిరి పోట్లాడుకుంటున్నాయి. ఆమె అటే చూస్తూ వాటి సంఖ్య తగ్గలేదేమిటా అనుకుంది. అప్పుడు పొయ్యి వెనక గుంటలో పోసిన ఈకలు కనబడ్డాయి. నలుపు తెలుపు చారలు.

యాదవ్వ గిన్నెతో వచ్చి ఆమె ముందు వంగింది. గరిటెతో అడుగు నుంచి కలిపి, ఏరి ఏరి విస్తట్లో వేసింది. ముక్కల మధ్య ఇంకా పెంకు కట్టని గుడ్లు పడ్డాయి. ఉసిరికాయంత ఒకటి, బఠాణీ గింజలంతవి కొన్ని, పచ్చగా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"నీకే ఏసిన" అంది యాదవ్వ మెల్లగా. "నువ్వే చెప్పితివి గదనే, అంత తల్లుల తోనే ఉన్నదని."

చిలుకమ్మ చేయి విస్తరి మీద ఆగింది. ఆడబిడ్డకు దక్కకపోతే చాలు, తనకూ దక్కక్కర్లేదనుకుంది వదిన. గుడ్లూ పెట్టలూ ఆమెకు మాత్రం అక్కర్లేదా? అక్కర్లేదట. ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. పక్క నుంచి కట్టయ్య చూస్తున్నాడు. బంతి చివర ఆ కుర్రాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. లేస్తే తగవు తెగదు. తగవు తెగకపోతే సమ్మమ్మకు మళ్ళీ కాన్పొస్తుంది, ఊళ్ళో ఎవరి గేదో పాలివ్వదు, ఎవరి పిల్లవాడికో జ్వరం తగులుతుంది.

ఆమె అన్నంలో ఆ పచ్చసొనను చిదిమి కలుపుకుంది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకో ముద్ద చేసింది.

యాదవ్వ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. విస్తరి సగం ఖాళీ అయ్యాక అడిగింది.

"ఇంకింత ఎయ్యాల్నా?"

"ఎయ్యి వదినె" అంది చిలుకమ్మ. "ఉప్పు జర తక్కువైంది."